కుక్కపిల్ల వాంతిలో పురుగు పడింది.. బాబు సిరప్ పట్టొచ్చా?

ప్రశ్న: మా కుక్కపిల్లకు రెండు నెలలు. నిన్న వాంతి చేసుకుంటే అందులో తెల్లటి పొడుగాటి పురుగు పడింది. ఒళ్లంతా బక్కగా ఉన్నా పొట్ట మాత్రం ఉబ్బి ఉంటోంది. ఇంట్లో రెండేళ్ల పిల్లి కూడా ఉంది. దాని తోక కింద బియ్యపు గింజల్లాంటివి అంటుకుని కనిపిస్తున్నాయి. మా నాలుగేళ్ల బాబుకు డాక్టర్ రాసిన నులిపురుగుల సిరప్ మిగిలి ఉంది. అదే రెండింటికీ పట్టొచ్చా? బాబు రోజంతా వాటితోనే ఆడతాడు. చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ సిరప్ పక్కన పెట్టేయండమ్మా. పిల్లలకు నులిపురుగుల కోసం ఎక్కువగా రాసేది ఆల్బెండజోల్. కుక్కల్లో, పిల్లుల్లో అది ఎముక మజ్జను దెబ్బతీసి రక్తకణాలు తయారవకుండా చేసే ప్రమాదం ఉంది. పైగా మీరు చెప్పిన గుర్తులను బట్టి మీ ఇంట్లో ఉన్నవి రెండు వేర్వేరు రకాల పురుగులు. అవి వచ్చే దారీ వేరు, వాటికి వాడే మందూ వేరు.

కుక్కపిల్ల కక్కింది ఏలికపాము అయి ఉండాలి. తెల్లగా, గుండ్రంగా, రెండు చివర్లా సన్నబడి ఉంటుంది. ఇల్లు ఎంత శుభ్రంగా ఉంచుకున్నా ఇదెలా వచ్చిందని బాధపడకండి. తల్లి కుక్క కండరాల్లో నిద్రాణంగా ఉండే లార్వాలు (పురుగు పిల్లలు) అది చూలుతో ఉన్నప్పుడు మేల్కొని కడుపులోని పిల్లలకు చేరతాయి. పుట్టాక పాల ద్వారా మరికొన్ని వెళ్తాయి. అందుకే కుక్కపిల్లలకు రెండో వారం నుంచే నట్టల మందు మొదలుపెట్టి, ఎనిమిదో వారం వరకు రెండు వారాలకోసారి, ఆపైన ఆరు నెలలు నిండేదాకా నెలకోసారి వేయమంటాం. మీ పిల్లకు ఇంతవరకు ఎన్ని డోసులు పడ్డాయో తెచ్చిచ్చిన వాళ్లను అడగండి.

దీనికి పైరాంటెల్ గానీ ఫెన్‌బెండజోల్ గానీ వాడతారు. డోసు లెక్క బరువును బట్టే. ఇంట్లో తూకం ఉంటే పిల్లను ఎత్తుకుని ఒకసారి, ఒక్కరే ఒకసారి నిలబడి తేడా చూసుకోండి. ఒక్క డోసుతో పని అయిపోదు. పేగులో ఉన్న పురుగులు చనిపోయినా, కాలేయం, ఊపిరితిత్తుల్లో తిరుగుతున్న లార్వాలు కొద్ది రోజులకు పేగులోకి దిగుతాయి. రెండు వారాలకు మళ్లీ వేసేది వాటి కోసమే. మందు వేసిన ఒకట్రెండు రోజులు మలంలో పురుగులు పడితే కంగారు వద్దు. వాంతులు ఆగకపోయినా, పొట్ట గట్టిపడి విరేచనం కాకపోయినా పురుగులు పేగుకు అడ్డం పడ్డాయేమో చూడాలి, వెంటనే తీసుకెళ్లండి.

ఇది చదువుతూనే ఒక పని చేయండి. కుక్కపిల్ల పై పెదవి ఎత్తి చిగురు చూడండి. గులాబీ రంగులో ఉంటే మంచిదే. పాలిపోయి తెల్లగా ఉంటే, మలం నల్లగా జిగటగా వస్తుంటే, రక్తం పీల్చే కొంకిపురుగులు కూడా ఉన్నాయేమోనని అనుమానించాలి. ఇంత చిన్న పిల్లల ప్రాణం తీసేవి ఇవే. రేపటిదాకా ఆగకండి, ఈ రోజే డాక్టర్‌కు చూపించండి. అవసరమైతే రక్తం ఎక్కించాల్సి వస్తుంది.

ఇక పిల్లి సంగతి. తోక కింద కనిపిస్తున్నవి బద్దెపురుగు నుంచి తెగి పడిన ముక్కలు. తాజాగా ఉన్నప్పుడు గమనిస్తే ముడుచుకుంటూ సాగుతూ కదులుతాయి. ఎండితే చిన్నవై పసుపు రంగుకు తిరుగుతాయి. ఒక్కో ముక్క నిండా గుడ్లే. పిల్లి పడుకునే చోట పెరిగే ఫ్లీ (బొచ్చులో ఉండి రక్తం పీల్చే, గెంతే చిన్న పురుగు) లార్వాలు ఆ గుడ్లను తింటాయి. అవి పెద్ద ఫ్లీలై పిల్లి ఒంటి మీదకు చేరతాయి. పిల్లి ఒళ్లు నాక్కుంటూ వాటిని మింగేస్తుంది. మూడు వారాలు తిరక్కుండానే మళ్లీ తోక కింద గింజలు! "మందు వేశాం డాక్టర్, అయినా తగ్గలేదు" అని వచ్చేవాళ్లలో చాలామంది ఇళ్లలో జరిగేది ఇదే. మందు పనిచేస్తుంది, ఫ్లీలే మిగిలిపోతాయి.

ఈ పురుగుకు ప్రాజిక్వాంటెల్ వేయాలి. కుక్కపిల్లకు వాడే ఫెన్‌బెండజోల్ దీని మీద పనిచేయదు. ఫ్లీలు ఉన్నాయో లేదో తెలియాలంటే పిల్లిని సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి పొడిని తడి తెల్ల కాగితం మీద వేయండి. ఎర్రటి మరక వ్యాపిస్తే అది ఫ్లీ విసర్జించిన రక్తమే. రెండు జంతువులకూ ఒకేసారి ఫ్లీ మందు వాడాలి, పక్కబట్టలు వేడినీళ్లలో ఉతకాలి, సోఫా సందులు ఊడ్చాలి. ఒక్క హెచ్చరిక: కుక్కలకు వాడే మందుల్లో కొన్నింటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. అది పిల్లులకు విషం. పిల్లికి పిల్లుల మందే వేయండి. వెల్లుల్లి పెడితే పురుగులు పోతాయని ఎవరైనా చెప్తే వినకండి, అది రెండింటి ఎర్ర రక్తకణాలనూ పాడుచేస్తుంది.

డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఇద్దరి తాజా మలం విడివిడి డబ్బాల్లో తీసుకెళ్లండి. పడిన పురుగును దాచి ఉంటే అదీ చూపించండి, లేదంటే ఫొటో చాలు. రిపోర్టులో ఏమీ లేదని వచ్చినా మీరు కళ్లారా చూసింది చెప్పడం మానకండి. బద్దెపురుగులు మల పరీక్షలో తరచూ దొరకవు.

బాబు గురించి మీ భయం నాకు అర్థమైంది. ఏలికపాము గుడ్లు మనుషుల కడుపులోకి వెళ్తే లార్వాలు కాలేయానికి, అరుదుగా కంటికి చేరతాయి. కంటికి చేరితే చూపు దెబ్బతినొచ్చు. కానీ అప్పుడే పడిన మలంలోని గుడ్లు అంటించే స్థితిలో ఉండవు. అందుకు రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆ తర్వాత మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. కాబట్టి మలం ఏ రోజుది ఆ రోజే తీసేస్తే ప్రమాదం చాలావరకు తప్పినట్టే. బాబు గోళ్లు కత్తిరించండి, మట్టిలో ఆడాక, తినే ముందు సబ్బుతో చేతులు కడిగించండి. కుక్కపిల్లను ఎవరికో ఇచ్చేయాల్సిన అవసరం ఏమాత్రం లేదు. బాబుకు జ్వరం, దగ్గు వదలకపోయినా, చూపు మసకగా ఉందన్నా పిల్లల డాక్టర్‌కు చూపించి, ఇంట్లో కుక్కపిల్ల, పిల్లి ఉన్నాయని తప్పక చెప్పండి.

కుక్కపిల్లకు రెండో డోసు వేసిన రెండు వారాలకు మరోసారి మల పరీక్ష చేయించండి. పిల్లికి మాత్రం ఫ్లీలు పోయేదాకా వారానికోసారి ఆ దువ్వెన పరీక్ష ఆపకండి.