గ్రాహక జన్యువుల పనికి దిగే ముందు

చిరంజీవికి,

నాడి పంపే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయన సందేశాన్ని కండరంలో అందుకునే గ్రాహక ప్రోటీన్ల జన్యువులను ఏ సంకేత మార్గం అదుపు చేస్తుందో తేల్చాలన్న నీ ప్రణాళికను శ్రద్ధగా చదివాను. అందులో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. వాటిని ఇప్పుడే విడదీయకపోతే, రేపు చేతికొచ్చిన ఫలితం ఏ ప్రశ్నకు జవాబో చెప్పడం కష్టమవుతుంది.

మొదటి ప్రశ్న నాడి, కండరం కలిసే సంధి దగ్గరి కేంద్రకాలది. ఒక్కొక్క కండర తంతువులో వందలాది కేంద్రకాలు ఉంటాయి. ఎదిగిన కండరంలో వాటిలో నాడి కొన ఆనే చోట ఉన్న కొద్ది కేంద్రకాలే ఈ జన్యువులను చురుగ్గా నడిపిస్తాయి. అక్కడ నాడి విడుదల చేసే అగ్రిన్ అనే ప్రోటీన్, మస్క్ అనే కైనేజ్‌ను (ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌ను) ఉత్తేజపరుస్తుంది; ఆ దారిలో చివరికి జీఏబీపీ వంటి ప్రోటీన్లు జన్యువును నడిపే ప్రమోటర్ భాగంలో ఎన్-బాక్స్ అనే చిన్న డీఎన్ఏ వరుసకు అతుక్కుంటాయి. గ్రాహకంలోని ఎప్సిలాన్ అనే సబ్‌యూనిట్ (భాగం) జన్యువు ఎన్-బాక్స్‌లో వచ్చిన మార్పులు కొందరిలో పుట్టుకతోనే కండర బలహీనతకు కారణమయ్యాయి కాబట్టి ఆ చిన్న వరుస ప్రాముఖ్యం గురించి సందేహం అక్కరలేదు. న్యూరెగ్యులిన్ అనే సంకేత ప్రోటీన్ ఈ జన్యువులను నడిపిస్తుందని మాత్రం నీ అంత ధీమాగా నేను రాయను: దాని గ్రాహకాలైన ఎర్బ్‌బీ2, ఎర్బ్‌బీ4 కండరంలో లేని చిట్టెలుకల్లోనూ నాడీకండర సంధులు ఏర్పడతాయని 2005లోనే చూపించారు.

రెండో ప్రశ్న సంధికి దూరంగా ఉన్న కేంద్రకాలది. కండరం పనిచేస్తున్నంత కాలం విద్యుత్ చర్య, దానివల్ల పెరిగే కాల్షియం, కైనేజ్‌ల ద్వారా జన్యువులను లేపే మయోజెనిన్ అనే ప్రోటీన్‌ను అణచి, అక్కడి జన్యువులను నిద్రలో ఉంచుతాయి. నాడిని తెంపితే హెచ్‌డీఏసీ4 అనే ప్రోటీన్ పెరిగి, మయోజెనిన్‌ను అదుపులో ఉంచే డాక్2ను అణచివేస్తుంది, దాంతో మయోజెనిన్ మళ్ళీ పెరిగి ప్రమోటర్లలోని ఈ-బాక్స్ అనే వరుసల ద్వారా ఆల్ఫా, గామా వంటి సబ్‌యూనిట్ల జన్యువులను తంతువు పొడవునా లేపుతుంది. నాడి తెగిన కండరాన్ని నేరుగా విద్యుత్తుతో ప్రేరేపించి, ఎసిటైల్‌కోలిన్ పట్ల పెరిగిన సున్నితత్వాన్ని తగ్గించవచ్చని లోమో, రోజెంథాల్ 1972లో చూపిన ప్రయోగం నీకు ఆదర్శం కావాలి. నాడి స్రవించేదానినీ నాడి కలిగించే చర్యనూ విడదీసి చూడడానికి అంతకన్నా శుభ్రమైన పద్ధతి నాకు తెలియదు.

ప్రయోగశాలలో పెంచే సీ2సీ12 అనే చిట్టెలుక కండర కణాలతో మొదలుపెట్టడంలో తప్పు లేదు, అయితే వాటికి నాడి ఉండదు. అగ్రిన్ వేయగానే కనిపించే గుంపులు అప్పటికే పొరలో ఉన్న గ్రాహకాలు ఒకచోట చేరినవి కావచ్చు. వాటిని చూసి జన్యువు పెరిగిందని రాయకు. గ్రాహకాలకు అతుక్కునే పాము విషం ఆల్ఫా-బంగారోటాక్సిన్ పొరపై ఉన్న గ్రాహకాలను చూపుతుంది, జన్యువు నుంచి తయారయ్యే ప్రతి అయిన ఎంఆర్ఎన్ఏ కొలత వేరే సంగతి చెబుతుంది. నాడి ఉన్న సంధిలో గ్రాహకం అర్ధాయుష్షు సుమారు 10 రోజులైతే, నాడి తెగాక వచ్చే కొత్త గ్రాహకాలది దాదాపు ఒక రోజే కాబట్టి ఈ రెండు కొలతలూ ఒకే దిశలో కదలకపోవచ్చు.

సంకేత మార్గంలోని ఎర్క్ అనే కైనేజ్‌ను ఆపే నిరోధకం ఒక్కటే వేసి మార్గం రుజువైందనుకోవద్దు. ఎన్-బాక్స్‌నూ ఈ-బాక్స్‌నూ విడివిడిగా చెడగొట్టిన రిపోర్టర్లతో (ప్రమోటర్ పనిని కొలవగల గుర్తుగా చూపే జన్యువులతో) దాన్ని సరిచూడు. కండరం మొత్తాన్ని నూరి ఆర్ఎన్ఏ తీస్తే సంధి కేంద్రకాల సంకేతం మిగతావాటిలో మునిగిపోతుంది. కండరం పలుచని కోతల మీద ఆర్ఎన్ఏ ఎక్కడుందో చూపే ఇన్ సిటు హైబ్రిడైజేషన్ తప్పదు. క్షీణిస్తున్న కండరంలో కొలతలను పోల్చడానికి స్థిరంగా ఉంటాయనుకునే రిఫరెన్స్ జన్యువులు కూడా మారవచ్చు కాబట్టి వాటి స్థిరత్వాన్ని ముందుగా పరీక్షించి, ఆ ఫలితంతో పాటు సవరించిన ప్రణాళికను నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ గురువు