హైడ్రోజన్ కారు, హీట్ పంపు, కిటికీ అద్దంపై సౌరఫలకం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: హైడ్రోజన్ కారు నుంచి నీళ్లు తప్ప పొగ రాదంటున్నారు. మరి బరువైన బ్యాటరీలను మోసుకు తిరగడం దేనికి?

జవాబు: కారు వెనక గొట్టం నుంచి నీటి చుక్కలు, ఆవిరి మాత్రమే వస్తాయన్న మాట నిజమే. ఈ కార్లలో కరెంటు పుట్టించే ఘటం, అంటే ఫ్యూయెల్ సెల్‌లో హైడ్రోజన్ మండదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి విద్యుత్తును, నీటిని ఇస్తుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త విలియం గ్రోవ్ 1842 నాటికే ఇలాంటి ఘటాలను తయారుచేసి చూపాడు. అయితే ఆ హైడ్రోజన్ ఎక్కడిదో కూడా చూడాలి. నేడు ప్రపంచంలో తయారవుతున్న హైడ్రోజన్‌లో అత్యధిక భాగం సహజవాయువు, బొగ్గుల నుంచే వస్తోంది; ఆ క్రమంలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తోంది.

సౌరవిద్యుత్తుతో నీటిని విడగొట్టి తీస్తే ఆ దోషం పోతుంది కానీ, కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు ఖర్చవుతుంది, ఆ కిలోలో మనకు దక్కే శక్తి దాదాపు 33 యూనిట్లే. దాన్ని వాతావరణ పీడనానికి 700 రెట్ల ఒత్తిడితో ట్యాంకులో నింపడానికి మరికొంత, ఫ్యూయెల్ సెల్‌లో మిగిలినదాంట్లో సగం దాకా పోగా, మొదట పెట్టిన 100 యూనిట్లలో చక్రాలకు చేరేది సుమారు 30. అదే కరెంటును బ్యాటరీలో నింపితే 70కి పైగానే చేరుతుంది. అందుకే సొంత కార్లకు బ్యాటరీయే తగినదని నా గట్టి అభిప్రాయం. ఎంతో శ్రమపడి తీసిన శుద్ధ హైడ్రోజన్‌ను, మరో దారి అంత సులువుగా దొరకని ఎరువుల తయారీకి, ఉక్కు పరిశ్రమకు ముందుగా ఇవ్వాలి.

ప్రశ్న: ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడినిచ్చే హీట్ పంపు శక్తి నిత్యత్వ నియమానికి విరుద్ధం కాదా?

జవాబు: కాదు. నడుస్తున్న ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. లోపలి పదార్థాల నుంచి లాగిన వేడి, కంప్రెసర్ వాడుకున్న కరెంటుతో కలిసి అక్కడ బయటపడుతోంది. హీట్ పంపు చేసేదీ ఇదే: బయటి గాలిలోని వేడిని తీసుకుని గదిలోకి చేరవేస్తుంది. చల్లగాలిలో కూడా వేడి ఉంటుంది. అంతకన్నా చల్లని ద్రవం గొట్టాల్లో ఆవిరవుతూ దాన్ని పీల్చుకుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కేసరికి దాని ఉష్ణోగ్రత పెరుగుతుంది, గదిలో అది మళ్లీ ద్రవంగా మారుతూ వేడిని వదులుతుంది. కనుక మూడింటిలో రెండు యూనిట్లు గాలి ఇచ్చినవే. చలి ముదిరేకొద్దీ ఈ లాభం తగ్గుతుంది. గోడలు, కిటికీల సందుల నుంచి వేడి పోతున్న ఇంటికి ముందు ఆ మరమ్మతు చేయించాలి, లేకపోతే అవసరానికి మించిన పెద్ద యంత్రాన్ని కొనవలసి వస్తుంది. గొట్టాల్లోని వాయువు ఏదో కూడా అడిగి తెలుసుకోండి. చాలా యంత్రాల్లో ఉన్న ఆర్-410ఏ బయటికి కారితే, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 2,000 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది.

ప్రశ్న: కిటికీ అద్దాల మీదే కరెంటు పుట్టించవచ్చా?

జవాబు: పుట్టించవచ్చు, కానీ గదిలోకి వదిలిన వెలుతురు కరెంటుగా మారదు కాబట్టి పారదర్శక ఫలకం ఇచ్చేది తక్కువే. ఆశ పెట్టుకోదగినది పెరోవ్‌స్కైట్ అనే ఒక రకం స్ఫటిక పదార్థపు పూత. 2009లో జపాన్‌లో మియసాకా బృందం దీనితో 3.8 శాతం సామర్థ్యం సాధించింది, అంటే పడిన ఎండలో అంత భాగాన్ని కరెంటుగా మార్చింది. నేడు సిలికాన్ మీద దీన్ని పూసిన ఘటాలు ప్రయోగశాలల్లో 33 శాతం దాటాయి. తేమకు, వేడికి ఈ పూత త్వరగా పాడవుతుంది. సిలికాన్ ఫలకాల్లా పాతికేళ్లు ఎండావానలకు నిలిచేదాకా ఇంటి పైకప్పుకు సిలికాన్‌నే ఎంచుకోండి.