రేడియేటర్‌లో ఏం పోయాలంటే, కోడలు పిల్లా

అమ్మాయీ,

నీ మెసేజ్ చూశాను. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ ఆకుపచ్చదా, గులాబీ రంగుదా, అసలు నీళ్లే అక్కర్లేని వాటర్‌లెస్ రకమా అని మూడు డబ్బాల ఫొటోలు పంపావు. మూడూ పక్కన పెట్టు. ఇంజనీరింగ్ విద్యార్థులు తాము కట్టిన రేసు బండ్లతో పోటీపడే ఫార్ములా భారత్ కోసం కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకి తీసుకెళ్లే బండిలో మీరు పోయాల్సింది ఉత్త నీళ్లు. ఇలాంటి పోటీలకి ఉన్న ఫార్ములా స్టూడెంట్ రూల్ బుక్ చెప్పేది అదే. కూలెంట్ డబ్బాల్లో ఉండే గ్లైకాల్ మాట అటుంచు, నీళ్లు వేడిని బాగా లాగాలని కలిపే వాటర్ వెట్టర్ చుక్క కూడా కలపకూడదు.

ఎందుకో నేను చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్‌లో కళ్లారా చూశాను. ముందు బండి రేడియేటర్ రబ్బరు హోస్ ఊడి, కూలెంటంతా మలుపులో పారబోసింది. నీళ్లయితే ఆ ఎండకి కాసేపట్లో ఆరిపోయేవి. గ్లైకాల్ ఆరదు, జిడ్డులా తారుకి పట్టేస్తుంది. వెనకొచ్చిన కుర్రాడు బ్రేక్ వేస్తే బండి గిర్రున తిరిగి కంకర్లో పడింది. సిమెంటు చల్లి, ఊడ్చి, మళ్లీ చల్లి... సాయంత్రం దాకా మా పని అదే.

మరిగిపోవూ అంటావేమో. మామూలు గాలి ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీలకి మరిగితే, సగానికి సగం గ్లైకాల్ కలిపింది 107కి మరుగుతుంది. ఆ ఏడు డిగ్రీల కోసం ఇంత హడావుడి! అసలు పని లోపల ఒత్తిడి పట్టి ఉంచే రేడియేటర్ మూత చేస్తుంది. 1.1 బార్ ఒత్తిడి ఆపే మూత సరిగ్గా పట్టుకుంటే ఉత్త నీళ్లే 120 దాటేదాకా మరగవు. పైగా రేడియేటర్‌లో పోసేవాటిలో వేడిని మోసుకెళ్లడంలో నీటిని మించింది లేదు: కిలో నీళ్లు ఒక్క డిగ్రీ ఎక్కడానికి 4.18 కిలోజౌళ్లు తాగుతాయి, సగం గ్లైకాల్ కలిస్తే సుమారు 3.5. కాబట్టి ఆ మూడు డబ్బాల డబ్బుతో కొత్త మూత, హోసులు బిగించే మంచి క్లాంపులు కొనండి.

నీళ్లంటే హాస్టల్ బోరు నీళ్లు పోసేవు! గీజరు కాయిల్ మీద పేరుకునే తెల్ల పెచ్చు చూశావుగా, రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అదే పేరుకుంటుంది. బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా తెచ్చుకోండి.

మీరు వాడేది బైక్ ఇంజనే కదా, అందులో ఇదివరకటి కూలెంట్ ఉండే ఉంటుంది. ఒక్కసారి వంపేస్తే పోదు, బ్లాకులో మిగిలిపోతుంది. నీళ్లు నింపి, వేడెక్కేదాకా నడిపి, చల్లారాక వంపు. నాలుగుసార్లు చెయ్యి. చివరి నీళ్లు రెండు వేళ్ల మధ్య రుద్ది చూడు. జారితే ఇంకోసారి. రుచి మాత్రం చూడకు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది కానీ విషం. వంపింది బకెట్లో పట్టు, నేల మీద పోస్తే క్యాంపస్ కుక్కలు నాకుతాయి.

కుర్రాళ్ల బండ్లలో నేను ఎక్కువగా చూసిన తప్పు గాలి. రేడియేటర్ మూత కంటే ఇంజన్ పై భాగం, అంటే హెడ్, ఎత్తులో ఉంటే గాలి బుడగ అక్కడే కూర్చుంటుంది. సెన్సర్ ఆ బుడగలో ఉందనుకో, మీటరు చల్లగా చూపిస్తూనే హెడ్ కాలిపోతుంది. నింపేటప్పుడు మూత ఉన్న వైపు జాక్ మీద ఎత్తి, హోసులు చేత్తో పిసుకుతూ నెమ్మదిగా పొయ్యండి. బుడబుడలు ఆగేదాకా మూత పెట్టొద్దు. పొంగిన నీళ్లు పట్టే క్యాచ్ క్యాన్ 0.9 లీటరుకి తగ్గకూడదు, మరిగే నీళ్లకి మెత్తబడకూడదు. కూల్‌డ్రింక్ సీసా కట్టి టెక్నికల్ ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లకండి.

పోటీలో దూరం పరుగు, ఎండ్యూరెన్స్, సుమారు 22 కిలోమీటర్లు. అసలు గండం పరుగులో కాదు, మధ్యలో డ్రైవర్ మారేటప్పుడు. ఇంజన్ ఆగగానే దానితో తిరిగే పంపూ ఆగుతుంది; హెడ్‌లో వేడి మాత్రం నిలబడ్డ నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది. కాలేజీ గ్రౌండ్‌లో పది కిలోమీటర్లు తిప్పి, మూడు నిమిషాలు ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి చూడండి. క్యాన్‌లోకి ఎంత వచ్చిందో గీత గీసి నాకు ఫొటో పెట్టు.

పోటీ అయిన సాయంత్రమే నీళ్లు వంపేసి, ఇంజన్ కంపెనీ చెప్పిన కూలెంట్ పోసి నిలపండి. ఉత్త నీళ్లు వారాలపాటు ఉంటే అల్యూమినియాన్ని తినేస్తాయి. అప్పుడు కొనండి డబ్బా, ఒకటే రకం. రంగు చూసి ఆకుపచ్చలో గులాబీది కలిపిన ఒక బండి విప్పితే, లోపల గంజి మీద తెట్టులాంటిది చెంచాతో తీశాను.

నా ఎడమ మణికట్టు మీద మచ్చ గురించి చిన్నప్పుడు అడిగేదానివి. వేడి రేడియేటర్ మూత, పాతికేళ్ల వయసు, తొందర. మీ జట్టులో మూత తీసే పని ఒక్కరికే అప్పగించు. తడి గోనెగుడ్డ కూడా వాళ్ల దగ్గరే ఉండాలి.

మీ మామయ్య