నిజాయితీ, ఓర్పు వంటి గుణాలను బొమ్మలుగా మలచడం ఎలా?

పాఠశాల గ్రంథాలయంలో పెట్టడానికి ఆరు సుగుణాలకు ఆరు మట్టిబొమ్మలు చేస్తున్నాననీ, ఎంత ప్రయత్నించినా అన్నీ ఒకే ముఖంతో, ఒకే చిరునవ్వుతో వస్తున్నాయనీ రాశారు. చదువుతూ నవ్వుకున్నాను, మిమ్మల్ని కాదు, నన్ను తలుచుకుని. నాలుగేళ్ల కిందట ఇదే పని నాకూ వచ్చింది. ఇదే తప్పు నేనూ చేశాను.

హైదరాబాద్‌లోనే ఒక పాఠశాల వాళ్లు అడిగారు. నిజాయితీ, ధైర్యం, ఓర్పు, కరుణ, వివేకం, క్షమ. ఒక్కొక్కటి 14 అంగుళాల ఎత్తు. నెలన్నర కూర్చుని ఆరూ చేసి చూపించాను. ప్రధానోపాధ్యాయురాలు బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, "చాలా బాగున్నాయండీ. వీటిలో ఏది ఏది?" అన్నారు. పేరు పలకలు ఇంకా అతికించలేదు మరి. వేలు పెట్టి చూపిస్తూ వచ్చి, ఓర్పు దగ్గరా కరుణ దగ్గరా నేనే తడబడ్డాను.

ఎక్కడ పొరబడ్డానో తెలియడానికి కొన్నాళ్లు పట్టింది. గుణాన్ని ముఖంలో పెట్టాలని చూశాను. మంచివాళ్లకు అరమోడ్పు కళ్లు, పెదవి చివర చిరునవ్వు ఉంటాయని చిన్నప్పటి నుంచీ క్యాలెండర్ బొమ్మలు నేర్పాయి. కానీ కడుపునిండా భోంచేసి కూర్చున్నవాడి ముఖం కూడా అలాగే ఉంటుంది. గుణం కనపడాలంటే దాన్ని వెనక్కి లాగేది ఏదో ఒకటి బొమ్మలోనే ఉండాలి. భయం కనపడని చోట ధైర్యం కనపడదు. మోయడానికి ఏమీ లేనప్పుడు ఓర్పు ఎక్కడిది? నాకు తెలిసిన కిటుకు ఇదొక్కటే. మిగతాదంతా దాన్ని మట్టిలోకి దించడానికి పడిన తిప్పలు.

నిజాయితీతోనే ఎక్కువ తిప్పలు పడ్డాను. మొదటిసారి గుండెమీద చెయ్యి వేసుకున్న కుర్రాడిని చేశాను. ప్రమాణ స్వీకారం చేస్తున్న నాయకుడిలా తయారయ్యాడు. రెండోసారి పిల్లవాడినే తీసుకున్నాను కానీ, కాళ్ల దగ్గర పగిలిన పూలకుండీ పెట్టాను. చేతిలో క్రికెట్ బంతి. తీగ చట్రం వంచేటప్పుడు ఆలోచించకుండా బంతి ఉన్న చేతిని వీపు వెనక్కి పెట్టాను, ఆ వయసు పిల్లలు అలాగే నిలబడతారు కాబట్టి. మట్టి ఎక్కించాక చూస్తే వాడు అబద్ధం చెప్పబోతున్నాడు! ముఖం ఇంకా చెక్కనే లేదు, ఒట్టి ముద్ద. అయినా అబద్ధం స్పష్టంగా తెలుస్తోంది. మోచేయి దగ్గర కోసి, బంతిని పక్కనుంచి ముందుకు తెచ్చాను. మహా అయితే నాలుగు అంగుళాలు జరిగి ఉంటుంది. తల వంచే ఉంచాను, కాలివేళ్లు లోపలికి ముడిచే ఉంచాను. అంటే తిట్లు పడతాయన్న భయం అలాగే ఉంది, బంతి మాత్రం బయటికి వచ్చింది. తర్వాత ఆరో తరగతి పిల్లలకు చూపించి ఇది ఏ గుణం అని అడిగితే, గుణం పేరు ఎవరూ చెప్పలేదు. "వాడు బంతి దాచుకోలేదు" అన్నాడొకడు. ఇంకొకడు తమ వీధిలో ఎవరింటి కిటికీ అద్దం ఎలా పగిలిందో చెప్పడం మొదలుపెట్టాడు. నాకు అది చాలు.

ఒకే శరీరంలో మంచీ చెడూ ఇంత దగ్గరగా ఉంటాయని చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లండి. అక్కడ ఒకే దుంగలో చెక్కిన రెండు ముఖాల కొయ్యబొమ్మ ఉంది. ఇద్దరూ జర్మన్ కవి గోథే నాటకం 'ఫౌస్ట్'లోని పాత్రలు. ముందు వైపు సైతాను మెఫిస్టోఫిలీస్, ఛాతీ విరుచుకుని నిలబడ్డ పొగరుబోతు. వెనుక వైపు అమాయకురాలు మార్గరెట్టా, తల దించుకుని, చేతిలో ప్రార్థన పుస్తకంతో. వెనుక అద్దం పెట్టారు కాబట్టి ఇద్దరినీ ఒకేసారి చూడవచ్చు. జనం అదే మ్యూజియంలోని 'ముసుగు రెబెక్కా' శిల్పం దగ్గర పాలరాతి ముసుగు పల్చదనానికి ముచ్చటపడి వెళ్లిపోతుంటారు. ఇటలీ శిల్పి బెంజోని పనితనం గొప్పదే, కాదనను. కానీ మీ పనికి పాఠం ఈ కొయ్యబొమ్మ దగ్గర ఉంది. రెండు వైపులా ముఖాలను అరచేత్తో అడ్డుపెట్టుకుని చూడండి. మెడ వంపు, నిలబడ్డ తీరు చూస్తేనే ఎవరు ఎవరో తెలిసిపోతుంది.

ఓర్పుకు మొదట పద్మాసనంలో కళ్లు మూసుకున్న స్త్రీని చేశాను. మా అమ్మ చూసి "నిద్రపోతోందా?" అంది. దాన్ని చిదిమి మట్టి మళ్లీ తొట్టిలో వేసేశాను. ఒకరోజు సాయంత్రం కోఠి బస్టాపులో ఒకావిడ కనిపించింది. భుజం మీద నాలుగేళ్ల పిల్ల గాఢనిద్రలో ఉంది, మరో చేతిలో సంచి. నిద్రపోయే పిల్ల ఎంత బరువుంటుందో ఎత్తుకున్నవాళ్లకే తెలుసు. ఆవిడ సంచి కింద పెట్టలేదు, కింద నీళ్లున్నాయి. ఒక మోకాలు కొద్దిగా వంచి, రెండో వైపు నడుం ఎత్తి, పిల్ల బరువును తుంటి మీదకు తీసుకుంది. పిల్ల కాలి నుంచి జారిన చెప్పు ఒకటి ఆవిడ చిటికెన వేలికి వేలాడుతోంది. బస్సు వచ్చే దిక్కుకు కూడా చూడటం మానేసింది. నా ఓర్పు బొమ్మ ఆవిడే. శిల్పశాస్త్రం త్రిభంగం అని చెప్పే మూడు వంపులే ఇవి, దేవతా విగ్రహాల్లో సొగసుగా కనపడేవి. బస్టాపులో అవే వంపులు బరువు మొయ్యడానికి పనికొచ్చాయి.

ధైర్యం గురించి ఎక్కువ చెప్పను. ఛాతీ విరిచి పిడికిలి బిగించినది ఏదైనా వ్యాయామశాల ప్రకటనలా ఉంటుంది. నేను చేసిన అమ్మాయి వెనక ఒక చిన్నపిల్లవాడు గౌను పట్టుకుని ఉంటాడు, ఎదుట ఏముందో చూపించలేదు. ఆమె మడమలు వెనక్కి లాగుతుంటాయి, నడుం నుంచి పైభాగం ముందుకు వంగి ఉంటుంది. భయం కాళ్లలో, ధైర్యం వెన్నులో. మన అభయముద్ర కూడా గమనించండి, అది 'నాకు భయం లేదు' అని చెప్పదు, 'నీకు భయం వద్దు' అంటుంది. అందుకే ధైర్యానికి పక్కన రెండో మనిషి ఉంటే మంచిది.

వస్తువుల విషయంలో మాత్రం జాగ్రత్త. పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో దొరికే యూరప్ సుగుణ మూర్తులను చూసి నేను దెబ్బతిన్నాను. వాళ్ల సంప్రదాయంలో న్యాయానికి త్రాసు, మితానికి రెండు కూజాలు, వివేకానికి అద్దమూ పామూ. వివేకానికి అద్దం ఇచ్చాను. చూసినవాళ్లందరూ "అలంకరించుకుంటోంది" అన్నారు. అనరా మరి, అద్దం పట్టుకున్న స్త్రీ అంటే మనకు బేలూరు గుడి శిల్పం దర్పణ సుందరి గుర్తుకొస్తుంది. ఇక పాము చేర్చి ఉంటే పసుపు కుంకుమలు పెట్టేవారు. త్రాసు కూడా అంతే. మనవాళ్లకు త్రాసు చూడగానే ఒకవైపు పావురం, ఇంకోవైపు తొడ కోసి ఇస్తున్న శిబి చక్రవర్తి తలపుకొస్తాడు, లేదా తులసి దళానికి తేలిపోయిన సత్యభామ సంపద. అంటే అదే త్రాసు మన దగ్గర కరుణ అవుతుంది, భక్తి అవుతుంది. చూసేవాళ్లకు ఏ కథలు తెలుసో ముందు ఆలోచించి, ఆ తర్వాత బొమ్మ చేతికి వస్తువు ఇవ్వండి. లేదా వివేకానికి నేను చివరికి చేసినట్టు వస్తువే తీసేయండి. నా వివేకం బొమ్మ చెప్పులు విడిచి, వాగులో అడుగు పెట్టేముందు కర్రతో లోతు చూస్తున్న ముసలాయన. కర్ర వస్తువు కాదా అంటే, అవును, కానీ అది పని చేస్తోంది.

కరుణకు మన అమరావతి శిల్పులే గురువులు. మదించిన నలగిరి ఏనుగును బుద్ధుడు లొంగదీసిన కథ చెక్కిన గుండ్రటి ఫలకం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఒకే ఫలకంలో ఏనుగు రెండుసార్లు కనపడుతుంది. ఒకచోట జనాన్ని తొక్కేస్తూ, ఇంకోచోట మోకరిల్లుతూ. మేడల మీదినుంచి జనం తొంగి చూస్తుంటారు. కరుణ ఎంత బలమైనదో చెప్పే భారమంతా ఆ ఏనుగు మోస్తోంది. అది చూశాక నా కరుణ బొమ్మలో మనిషి కంటే గాయపడ్డ కుక్క మీద ఎక్కువ రోజులు పనిచేశాను. పళ్లు బయటపెట్టిన కుక్క అది. దగ్గరికి వస్తున్న చేతిని కరవవచ్చు కూడా.

పని సాగుతుండగా పరీక్ష ఒకటి పెట్టుకోండి. మట్టి ఆరకుండా రాత్రి ఎలాగూ తడిగుడ్డ కప్పుతాం కదా, పొద్దున తల మీది గుడ్డ మాత్రం తీయకుండా మిగతాది తీసి, దూరంగా నిలబడి చూడండి. గుణం తెలియకపోతే ముఖం చెక్కడానికి తొందరపడవద్దు.

కాల్చి టెర్రకోట చేస్తారా, అచ్చు తీసి ఫైబర్‌లో పోస్తారా అన్నది ముందే తేల్చుకోండి. కాల్చేదైతే లోపల ఇనుప తీగ ఉండకూడదు, మట్టి కుంచించుకుపోతుంది, తీగ కుంచించుకోదు, బొమ్మ చీలుతుంది. లోపల గుల్లగా తొలచడం కూడా మరవకండి. పిల్లలు తాకే బొమ్మలు కాబట్టి వేళ్లు, చెప్పుల పట్టీల వంటి సన్నని భాగాలను ఒంటికి ఆనించి ఉంచండి. నా బొమ్మలో ఆ చిటికెన వేలి చెప్పు చీర కుచ్చిళ్లకు ఆని ఉంటుంది, అందుకే ఇంకా విరగలేదు.

క్షమ మాత్రం నా వల్ల కాలేదు. ఎన్నిసార్లు చేసినా క్షమించేవాళ్లు పైన, క్షమాపణ అడిగేవాళ్లు కింద వచ్చి, చూడటానికి జమీందారు దయలా ఉండేది. ఇద్దరినీ సమానంగా నిలబెడితే ఎవరు ఎవరిని క్షమిస్తున్నారో తెలియలేదు. గడువు దాటింది, ఆ బొమ్మ డబ్బు వెనక్కి ఇచ్చేశాను. ఆ గ్రంథాలయం అలమరలో ఆరో చోట ఇప్పటికీ గ్లోబు పెట్టి ఉంది. మీ ఆరింటిలో క్షమ ఉంటే ఎలా చేశారో ఇక్కడే రాయండి, ఫోటో పెట్టినా సరే.