డబ్బు పెట్టే ప్రకటన ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మాది బరంపురం. ఏసీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు ఇంటికి వెళ్లి బాగు చేస్తాం. నేను కాక ఇద్దరు కుర్రాళ్లు. ప్రకటనలకు నెలకు 6,000 రూపాయలు పెట్టగలను. గూగులా, ఫేస్‌బుక్కా, పేపర్లో పెట్టి పంచే కరపత్రాలా?
— ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: మీ పనికి గూగుల్ సెర్చ్ ప్రకటనే. ఫ్రిజ్ ఆగేదాకా మెకానిక్ ఎవరికీ గుర్తుకు రాడు. ఆగిన గంటలోనే ఫోన్ తీసి వెతుకుతారు. ఆ గంటలో మీ నంబరు కనబడాలి. కరపత్రం అప్పటికి పాత పేపర్ల కట్టలోకి వెళ్లిపోయి ఉంటుంది.

పైసా పెట్టే ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్‌లో, మ్యాపుల్లో కనబడే మీ వ్యాపారం పేజీ) పూర్తి చేయండి. అది ఉచితం. మీరు ఇంటింటికీ వెళ్లేవారు కాబట్టి చిరునామా దాచి, తిరిగే ప్రాంతాలు మాత్రం ఇవ్వొచ్చు. పని బాగుందన్న ప్రతి ఇంటివారినీ అక్కడే నాలుగు మాటలు రాయమని అడగండి. రివ్యూలు కొనొద్దు. పట్టుబడితే ప్రొఫైలే పోవచ్చు.

తర్వాత లెక్క. ఒక పనికి అన్ని ఖర్చులూ పోను మీకు 250 మిగులుతుందనుకుందాం. అందులో 100 ప్రకటనకు వదులుకోగలరు. పది ఫోన్లలో నాలుగు పనులుగా మారితే, ఒక్కో ఫోన్‌కు మీరు భరించగలిగేది 40 రూపాయలు. మీ అంకెలు వేసుకుని ఈ గీత ముందే గీసుకోండి. అది లేకుండా మొదలుపెట్టినవారు లాభమో నష్టమో తెలియకుండానే నెలలు గడిపేస్తారు.

ప్రకటన మొత్తం మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. రోజుకు 165 రూపాయల బడ్జెట్ పెడితే నెలకు (గూగుల్ లెక్కలో 30.4 రోజులు) 5,016, పన్నుతో 5,919 అవుతుంది. ఏదో ఒక రోజు 330 దాకా ఖర్చయినా కంగారు పడకండి. గూగుల్ ఒక రోజుకు రెట్టింపు వరకూ వెళ్తుంది, నెల మొత్తం మాత్రం దాటదు.

అసలు డబ్బు కారిపోయేది సెట్టింగుల్లో. కొత్త ఖాతా తెరవగానే, చాలావరకు గూగులే నిర్ణయించే ‘స్మార్ట్’ పద్ధతిలోకి తోయొచ్చు. అక్కడ ఆగకుండా, సెట్టింగులు మీ చేతిలో ఉండే ఎక్స్‌పర్ట్ మోడ్‌కు మారి, సెర్చ్ క్యాంపెయిన్ ఎంచుకోండి. డిస్‌ప్లే నెట్‌వర్క్ (ఇతర సైట్లలో, యాప్‌లలో చూపడం), సెర్చ్ పార్ట్‌నర్స్ (గూగుల్ కాని వెతుకులాట సైట్లలో చూపడం) దగ్గర ముందే టిక్కులు పెట్టి ఉంటాయి, రెండూ తీసేయండి. లొకేషన్ దగ్గర ‘ఆ ఊళ్లో ఉన్నవారు లేదా ఆసక్తి చూపినవారు’ అని ఉంటుంది. దాన్ని ‘ఆ ఊళ్లో ఉన్నవారు’ అని మార్చండి. మీ ఊరికి ఇంకో చిక్కుంది: పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలోనూ దాదాపు ఇదే పేరుతో ఊరుంది. జాబితాలో పేరు పక్కన ఒడిశా అని ఉన్నదే ఎంచుకోండి.

ఏ మాటలు వెతికినప్పుడు ప్రకటన కనబడాలో చెప్పే మాటలు (కీవర్డ్స్) పది పన్నెండు చాలు. ఊరి పేరును ఇంగ్లిషు అక్షరాల్లో ‘బర్హంపూర్’ అని కొందరు, ‘బ్రహ్మపూర్’ అని కొందరు కొడతారు కాబట్టి రెండూ పెట్టండి. బ్రాడ్ మ్యాచ్ (దూరపు సంబంధం ఉన్న వెతుకులాటలకూ చూపేది) వద్దు, ఫ్రేజ్ మ్యాచ్ (మీ మాట అర్థం ఉన్న వెతుకులాటలకే చూపేది) పెట్టండి. వద్దనుకునే మాటల (నెగటివ్ కీవర్డ్స్) జాబితాలో ఉద్యోగం, జీతం, కోర్సు, సెకండ్ హ్యాండ్, స్పేర్ పార్ట్స్, కస్టమర్ కేర్ వేయండి. కస్టమర్ కేర్ కోసం వెతికేవారు ఎక్కువగా వారంటీ ఉన్నవారు, కంపెనీ మనిషి కావాలంటారు. మొదటి నెల వారానికోసారి జనం నిజంగా ఏం కొట్టి వెతికారో చూపే సెర్చ్ టర్మ్స్ పట్టిక తెరిచి, పనికిరాని మాటలు దొరికినకొద్దీ ఆ జాబితాలోకి తోయండి. ప్రకటన మీద ఎవరైనా నొక్కిన ప్రతిసారీ డబ్బు పోతుంది. ఆ ధర ఎలా కట్టాలో చెప్పే బిడ్డింగ్ దగ్గర మొదట ‘మాగ్జిమైజ్ క్లిక్స్’ (బడ్జెట్‌లో వీలైనన్ని ఎక్కువ క్లిక్కులు) పెట్టి, క్లిక్‌కు గరిష్ఠ ధర కట్టేయండి.

ఫోన్ ఎత్తే మనిషి ఉన్న వేళల్లోనే ప్రకటన నడవాలి. నిచ్చెన మీద ఉండి ఎత్తకపోతే, అవతలివారు మరు నిమిషంలో కింద ఉన్న నంబరుకు కొడతారు. ఆ క్లిక్ డబ్బు మాత్రం మీ ఖాతాలోంచే పోతుంది. ప్రకటనకు వేరే సిమ్ వాడండి. ఎన్ని ఫోన్లు వచ్చాయో, ఎన్ని పనులయ్యాయో రాత్రి నోటుపుస్తకంలో రాయండి. ప్రకటన ఖర్చును ఆ పుస్తకంలోని ఫోన్ల లెక్కతో భాగించి, వచ్చినదాన్ని 40 గీతతో పోల్చండి.

ప్రశ్న: పర్లాకిమిడిలో పెళ్లికూతురి మేకప్, మెహందీ చేస్తాను. ఫేస్‌బుక్‌లో డబ్బు కట్టి, పోస్టును ఎక్కువమందికి చూపే ‘బూస్ట్’ నాలుగుసార్లు నొక్కాను. లైకులు బోలెడు వచ్చాయి, బుకింగులు రాలేదు. ఆషాఢంలో ప్రకటనలు ఆపేయాలా?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: మీది కళ్లతో చూసి ఎంచుకునే పని కాబట్టి ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ సరైన చోటే. తప్పు ఆ బటన్‌లో ఉందమ్మా. ఉత్త బూస్ట్ తరచూ లైకులు కొట్టే అలవాటున్నవారినే వెతికి తెస్తుంది. ఫేస్‌బుక్ వాళ్ల ప్రకటనల పనిముట్టు యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్లి, వాట్సాప్‌కు మెసేజ్ రావడమే లక్ష్యంగా పెట్టండి.

ఊరి పేరు కొట్టకుండా మ్యాపులో పిన్ గుచ్చి దూరం మీరే చెప్పండి. మీ ఊరు సరిహద్దులో ఉండటం ఇక్కడ లాభమే, ఆ వలయంలోకి ఆంధ్రలోని పాతపట్నం కూడా వస్తుంది. ఫొటో మీద ఒకే మాట తెలుగు, ఒడియా రెండు లిపుల్లోనూ రాయండి. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదువుకున్న ఆడపిల్లలు మీ వైపు చాలామంది. తెలుగు అక్షరాలు మాత్రమే ఉంటే వాళ్లు చదవకుండానే దాటిపోతారు. వీడియోలో మీ గొంతు తెలుగులోనే ఉండొచ్చు, అర్థమవుతుంది.

చిన్న బడ్జెట్‌ను నాలుగు ప్రకటన గుంపులుగా (యాడ్ సెట్లుగా) చీల్చకండి. ఎవరికి చూపాలో మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే కంపెనీ) నేర్చుకోవాలంటే ఒక్కో గుంపుకు వారంలో సుమారు 50 ఫలితాలు కావాలి. ఒకే గుంపు పెట్టి అందులో మూడు ఫొటోలు వేయండి, రోజూ మార్చకండి. ‘మొదలు ఇంత నుంచి’ అని ధర రాస్తే ఊరికే అడిగేవారు తగ్గుతారు.

ఆషాఢంలో ఆపొద్దు. ముహూర్తాలు లేని నెలే మీకు ముఖ్యం. శ్రావణంలో పెళ్లి పెట్టుకున్న ఇల్లు మేకప్ మనిషిని వెతికేది అప్పుడే. భాద్రపదంలోనూ అంతే.

ప్రశ్న: గుణుపురం దగ్గర మోటారు వైండింగ్ షాపు. షాపుల నంబర్లు చూపే ఆన్‌లైన్ డైరెక్టరీ వాళ్లు ఏడాదికి డబ్బు కట్టమంటున్నారు. కట్టాలా?
— ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: కట్టొద్దు. కాలిన మోటారును రైతు ఫోన్‌లో వెతికి కాదు, ఎలక్ట్రీషియన్ చెప్పిన చోటికే తెస్తాడు. ఆ డబ్బుతో చుట్టుపక్కల ఎలక్ట్రీషియన్లకూ పంపు ఫిట్టర్లకూ మోటారుకు ఇంత అని ఇవ్వండి. ఎరువుల దుకాణాల గోడల మీద, యజమానిని అడిగి, అడుగు ఎత్తు అంకెలతో నంబరు రాయించండి. అక్షరాలు తక్కువుండాలి. సంతరోజు ఆటో మైకు కూడా పనిచేస్తుంది, దానికి అనుమతి తీసుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు నిషేధం.

ఎప్పుడైనా డైరెక్టరీలో చేరాలనిపిస్తే సంతకానికి ముందు నాలుగు అడగండి: ఒకే కస్టమర్ నంబరు ఎంతమందికి ఇస్తారు? మధ్యలో మానుకోవచ్చా? బ్యాంకు నుంచి నెలనెలా దానంతటదే కోత ఉందా? ప్రకటనలో వేసే నంబరు మీదా, వాళ్లదా? వాళ్లదైతే ఒప్పందం అయిపోయిన రోజున పాత కస్టమర్లు మీకు కాక వాళ్లకే ఫోన్ చేస్తారు.