బీపీ లేని బాలింతకు నిమోడిపిన్ ఎందుకు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆదోనిలో ఉన్న మీ అక్కకు కాన్పై తొమ్మిది రోజులైంది. ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది. కర్నూలులో న్యూరాలజిస్టు ఆర్‌సీవీఎస్ అని, అంటే మెదడు రక్తనాళాలు కొన్నాళ్లపాటు బిగుసుకుపోయే జబ్బని చెప్పి నిమోడిపిన్ రాశారు. నెట్‌లో చూస్తే అది బీపీ మాత్రల జాతి అని ఉంది, అక్కకు బీపీయే లేదు, వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయి, ఆపేయొచ్చా అని అడిగారు.

మీ అంతట మీరు ఆపొద్దు. కళ్లు తిరుగుతున్నాయన్న మాట మాత్రం ఈ పూటే డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి. అవసరమైతే వాళ్లే మోతాదు తగ్గిస్తారు, నాకూ తగ్గించారు. నేను ఈ మాత్ర నాలుగు వారాలు మింగినదాన్ని.

మేము కర్నూలులోనే, కల్లూరు వైపు ఉంటాం. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఒక కార్తీక సోమవారం తెల్లవారుజామున తలంటుకుందామని గీజర్ నీళ్లు బాగా వేడిగా పట్టుకున్నాను. రెండో చెంబు నెత్తిన పోసుకున్నానో లేదో, నడినెత్తి మీద రోకలితో మోదినట్టయింది. మెల్లగా పెరిగిన నొప్పి కాదది. నిమిషం కూడా పట్టలేదు. చెంబు ఎక్కడ పడిందో తెలియదు, గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయాను. గంటన్నరకు తగ్గింది. ఉపవాసం వల్లేమో అనుకుని ఊరుకున్నాం. ఎనిమిది రోజుల్లో మళ్లీ మూడుసార్లు అలాగే వచ్చింది. ఒకసారి గట్టిగా దగ్గినప్పుడు, రెండుసార్లు స్నానంలోనే.

మొదట చూపించుకున్న చోట తలకు సీటీ తీసి ఏమీ లేదన్నారు. మైగ్రేన్ అని ట్రిప్టాన్ రకం మాత్ర ఇచ్చారు. అది రక్తనాళాలను బిగించే మందు. నా తలలో నాళాలు అప్పటికే బిగుసుకుపోయి ఉన్నాయి, పైన ఇంకాస్త బిగించే మాత్ర! ఇప్పటికీ తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. సీటీ మంచిగా వచ్చిందంటే జబ్బు లేదని కాదు. ఈ జబ్బులో మొదటి వారం నాళాల ఫొటో తీసినా మామూలుగానే కనబడొచ్చు.

తర్వాత వెళ్లిన న్యూరాలజిస్టు మేడం రిపోర్టులు పక్కన పెట్టి ఒకటే అడిగారు: "నొప్పి మొదలైనప్పటి నుంచి పూర్తిగా ఎక్కడానికి ఎంతసేపు పట్టింది?" అంతవరకు ఆ మాట ఎవరూ అడగలేదు. అర నిమిషం అన్నాను. ఈ నెలలో వేసుకున్న మందులన్నీ చెప్పమన్నారు, మెడికల్ షాపులో అడిగి కొన్నవి కూడా. మూడు వారాలుగా జలుబు మాత్రలు, ముక్కులో చుక్కలు వాడుతున్నానని చెప్పాను. ఆమె పెన్ను అక్కడే ఆగింది. పదో రోజు ఎంఆర్ ఆంజియో, అదే నాళాల ఫొటో, తీస్తే మెదడు నాళాలు ఒకచోట సన్నగా, ఒకచోట ఉబ్బుగా పూసల దండలా కనిపించాయి.

ఇక మీ అసలు ప్రశ్న. నాళం గోడలో ఉండే కండరంలోకి కాల్షియం దూరితే అది ముడుచుకుంటుంది. ఆ దారి మూస్తే వదులవుతుంది. అమ్లోడిపిన్ లాంటి బీపీ మాత్రలు చేసేదీ ఇదే కాబట్టి నెట్‌లో ఒకే జాతి అని ఉంటుంది. నిమోడిపిన్‌కు కొవ్వులో కరిగే గుణం ఎక్కువ, అందుకే మెదడులోకి బాగా వెళ్తుంది. దీన్ని రాసేది బీపీ కోసం కాదు, మెదడు నాళాల కోసం. బీపీ తగ్గడం దాని వెంట వచ్చే ఇబ్బంది, మీ అక్కకు కళ్లు తిరిగేది అందుకే అయి ఉంటుంది.

ఈ మందుకు మంచి పేరు వచ్చింది మెదడు చుట్టూ రక్తం చిమ్మే జబ్బులో. బ్రిటన్‌లో 554 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 1989లో వచ్చాయి. మామూలు చికిత్సలో 33 శాతం మందికి మెదడులో కొంత భాగం దెబ్బతింటే, నిమోడిపిన్ వేసుకున్నవాళ్లలో అది 22 శాతమే. మన జబ్బుకు అంత పెద్ద పరీక్ష లేదు, అరుదుగా వచ్చేది కదా. తైవాన్ డాక్టర్లు స్నానం చేస్తుంటే ఈ నొప్పి వచ్చే ఆడవాళ్లను గమనించి, ఇదే మందు ఇచ్చి చూశారని మేడం చెప్పినప్పుడు, ఎక్కడో సముద్రం అవతల నాలాంటి వాళ్లున్నారని ధైర్యం వచ్చింది. నా మట్టుకు నాకు ఈ మాత్రే పని చేసింది, అందులో నాకు సందేహం లేదు. ఎందుకంత గట్టిగా చెబుతున్నానో చెబుతాను.

మేడం రాసింది నాలుగు గంటలకోసారి 30 మిల్లీగ్రాములవి రెండు. అంటే రోజుకు 12 మాత్రలు. పది మాత్రల అట్ట ఒక్కరోజుకు కూడా రాదు. రక్తంలో గంటా రెండు గంటల్లోనే సగానికి పడిపోయే మందు కాబట్టి అర్ధరాత్రి రెండింటికీ లేవాలి, తెల్లారి ఆరింటికీ లేవాలి. డిశ్చార్జ్ అయిన మర్నాడు సాయంత్రం ఆరింటికి చివరి రెండు వేసుకున్నాను. తర్వాతది పదింటికి. మా ఆయన ఏడున్నరకు స్కూటర్ తీసుకుని ఎన్.ఆర్. పేట, గాయత్రి ఎస్టేట్ అంతా తిరిగారు. ఊళ్లో ఏ వీధిలో లేనన్ని మెడికల్ షాపులు అక్కడ ఉన్నాయి. ప్రతిచోటా "రేపు మధ్యాహ్నానికి తెప్పిస్తాం" అనేవాళ్లే. చివరికి ఒక షాపులో దొరికిందని తొమ్మిదిన్నరకు మూడు అట్టలు తెచ్చారు. నేను అట్ట చించి రెండు అరచేతిలో వేసుకున్నాను.

మా పాప అప్పుడు ఇంటర్ బైపీసీ చదువుతోంది. దానికి ఏది కనబడినా చదివే అలవాటు. ఖాళీ అట్ట తీసుకుని వెలుతురులో పెట్టి చూసి, "అమ్మా, చీటీలో ని తర్వాత మో ఉంది, దీని మీద ఫె ఉందే" అంది. ఒక్క అక్షరం తేడా. అది నిఫెడిపిన్. అది కూడా 30 మిల్లీగ్రాములే, నిదానంగా కరిగే రకం, రోజుకు ఒక్కటి వేసుకునేది. మా చీటీ ప్రకారం వేసుకుని ఉంటే రోజుకు 360 మిల్లీగ్రాములు. బీపీ ఎక్కడికి పడిపోయేదో ఊహించండి. మా ఆయన షాపుకు ఫోన్ చేస్తే అటువైపు అబ్బాయి, "రెండూ ఒగటే జాతి సార్, అది దొరకనప్పుడు ఇదే ఇస్తాం, ఏం గాదు" అన్నాడు. ఆ మాటకు మా ఆయన చేతులు వణకడం చూశాను. పాతికేళ్ల కాపురంలో ఎప్పుడూ చూడలేదు.

హాస్పిటల్‌లో డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేశాం. అవి మింగొద్దు, వార్డులో ఉన్నవి ఇప్పిస్తాను రమ్మన్నారు. మా ఆయన వెళ్లి తెచ్చేసరికి పదీ యాభై అయింది. ఈలోపు పదిన్నరకు, మంచం మీద ఊరికే పక్కకు తిరుగుతుంటే మళ్లీ ఆ రోకలి పోటు. పాప నా చెయ్యి పట్టుకుని సెకన్లు లెక్కపెట్టింది. ఆలస్యం వల్లనే అని చెప్పలేమని మేడం తర్వాత అన్నారు. ఆమె డాక్టరు, ఆమె అలాగే అనాలి. ఆ రాత్రి పది గంటల డోసు తప్పింది, పదిన్నరకు నొప్పి వచ్చింది. తర్వాత నాలుగు వారాలు ఒక్క డోసు తప్పలేదు, ఒక్కసారి కూడా రాలేదు. నాకు అది చాలు. ఒకరోజు రాత్రి రెండింటికి లేచి తలుపు పట్టుకుని జారిపోతే బీపీ 90/60 ఉంది, అప్పుడు రెండు మాత్రలను ఒకటి చేశారు. మూడు నెలలకు మళ్లీ ఆంజియో తీస్తే పూసలు లేవు, నాళాలు మామూలుగా ఉన్నాయి.

కాబట్టి మీ చేతిలో ఉన్న అట్ట మీద అక్షరాలు ఇప్పుడే చదవండి. మందు అసలు పేరు అర్థమయ్యేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లోనే నిబంధన పెట్టింది. చీటీ అర్థం కాకపోతే డాక్టరు దగ్గరే మళ్లీ రాయించుకోండి, మొహమాటం వద్దు. పళ్ల సంగతి కూడా అడగండి. అనంతపురం నుంచి మా అన్న బత్తాయిలు గంపెడు తెస్తే భయపడి అడిగాను. బత్తాయి తినొచ్చు, పంపరపనస మాత్రం వద్దన్నారు, అది రక్తంలో మందును ఎక్కువ చేస్తుందట.

జలుబు మాత్రల గురించి చెప్పకుండా ఉండలేను. ముక్కు దిబ్బడ తీసే ఫినైల్‌ఎఫ్రిన్ ముక్కు నాళాలను బిగించే పని చేస్తుంది, అది ముక్కు దగ్గరే ఆగదు. మన ఊళ్లల్లో షాపుకు పోయి "జలుబుకు ఏదన్నా ఇయ్యప్పా" అంటే ఎన్ని రోజుల నుంచి అని కూడా అడగకుండా నాలుగు కత్తిరించి ఇస్తారు. అందరికీ ఇలా అవుతుందని కాదు. కానీ కొనితెచ్చుకున్న నా జబ్బు కర్నూలు దుమ్ములో, చాక్‌పీస్ పొడిలో మొదలై ఆ చుక్కల సీసాతోనే ముదిరిందని నా నమ్మకం. మా స్టాఫ్ రూమ్‌లో ఇప్పుడు ఎవరైనా ముక్కు చుక్కలు తీస్తే ఎన్నో రోజు అని అడుగుతాను.

మీ అక్క బాలింత కాబట్టి ఇంకో రెండు సంగతులు. కాన్పు తర్వాత మొదటి వారాల్లో ఈ జబ్బు వస్తుందని డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలుసు, దానికి పోస్ట్‌పార్టమ్ ఆంజియోపతీ అని పాత పేరు కూడా ఉంది. కాన్పప్పుడు రక్తం ఆగడానికి మిథైల్ ఎర్గోమెట్రిన్ ఇచ్చారా, పాలు ఆగడానికి బ్రోమోక్రిప్టిన్ ఏమైనా ఇచ్చారా అని డిశ్చార్జ్ చీటీలో చూసి న్యూరాలజిస్టుకు చెప్పండి. ఆ రెండూ నాళాలను బిగించేవే.

బాలింతకు నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదని మన వైపు ఇంకా కట్టడి చేస్తారు. బీపీ తగ్గించే మాత్ర మింగే మనిషి గొంతు ఎండబెడితే కళ్లు తిరగక ఏమవుతుంది? అడిగినన్ని నీళ్లు ఇవ్వండి. రెండోది అంతకన్నా ముఖ్యం. బాలింత స్నానమని కాగే నీళ్లు చెంబులకు చెంబులు నెత్తిన పోస్తారు కదా, డాక్టరు సరే అనేవరకు అది ఆపించండి. మీ అమ్మ ఒప్పుకోకపోతే నాకు ఇక్కడే రాయండి, నేను మాట్లాడతాను.