యెరికో గోడల ఆనవాళ్ళు దొరకకపోతే నా విశ్వాసం ఏమైంది

యెహోషువ కాలంలో యెరికో గోడలు కూలినట్టు తవ్వకాల్లో తేలలేదని మీరు చదివారు. అప్పటి నుంచి బైబిలు తెరవాలంటే భయంగా ఉందని, సండే స్కూల్లో ఆ పాఠం ఎలా చెప్పాలో తోచడం లేదని అడిగారు. ఈ బాధ నేనూ పడ్డాను. మీరు చదివింది నిజమే, దాన్ని కొట్టిపారేయడానికి తంటాలు పడకండి.

1930లలో పురావస్తు శాస్త్రవేత్త జాన్ గార్‌స్టాంగ్ యెరికో దిబ్బను తవ్వి, కూలిన గోడలు కనబడితే అవి యెహోషువ కాలానివేనన్నాడు. ప్రసంగాల్లో ఇప్పటికీ వినబడేది ఆ మాటే. తర్వాత 1952 నుంచి 1958 వరకు మరో పురావస్తు శాస్త్రవేత్త క్యాథ్లీన్ కెన్యన్ అదే దిబ్బను పొర తర్వాత పొరగా తవ్వింది. ఏ పొరలో ఎలాంటి కుండపెంకులున్నాయో చూసి, ఆ గోడలు గార్‌స్టాంగ్ చెప్పిన కాలానికి దాదాపు వెయ్యేళ్ళ ముందువని తేల్చింది. తర్వాత లేచిన ఊరు క్రీ.పూ. 1550 ప్రాంతంలో కాలిపోయింది. ఇశ్రాయేలీయులు కనానుకు వచ్చారని ఎక్కువమంది లెక్కగట్టే క్రీ.పూ. 13వ శతాబ్దానికి అక్కడ చెప్పుకోదగ్గ ఊరే లేదు, ఇక ప్రాకారం ఎక్కడిది? ఆ ఊరు క్రీ.పూ. 1400 ప్రాంతంలో తగలబడిందని వాదించినవాళ్ళూ ఉన్నారు. ఆ వాదనే గెలవాలని నేనెంతగానో కోరుకున్నాను. కానీ ఆ మంటల్లో మాడిన ధాన్యపు గింజలకు కార్బన్ పరీక్ష చేస్తే, 1995లో వచ్చిన ఫలితం కూడా క్రీ.పూ. 16వ శతాబ్దం వైపే చూపింది.

యెరికో తర్వాత యెహోషువ పట్టుకున్నాడని బైబిలు చెప్పే హాయి పట్టణం ఇదేనని చాలామంది గుర్తించిన దిబ్బ కూడా క్రీ.పూ. 2400 నుంచి 1200 దాకా ఖాళీగానే ఉంది. లక్షల మంది ఇశ్రాయేలీయులు నలభై ఏళ్ళు సీనాయి ఎడారిలో తిరిగిన జాడ కూడా దొరకలేదు.

ఇవన్నీ చదివిన రోజుల్లో సంఘంలో ఒక పెద్దాయన్ని అడిగాను. "అలాంటివి చదవకు, ప్రార్థన చేసుకో" అన్నారు. కెన్యన్ రాసినదాని కంటే ఆ జవాబే నన్ను ఎక్కువ కుంగదీసింది. దేవుడు సత్యవంతుడని నేర్పినవాళ్ళే కళ్ళు మూసుకోమంటే ఇంకెవరిని అడగాలి? ఎర్ర సముద్రం అడుగున ఫరో రథచక్రాలు దొరికాయని వాట్సాప్‌లో తిరిగే వీడియోలు ఇంకా ప్రమాదం. వాటిని ఏ పురావస్తు బృందమూ నిర్ధారించలేదు. పిల్లల విశ్వాసాన్ని అలాంటివాటికి ముడిపెడితే, వాళ్ళు పెద్దయి సొంతంగా వెతుక్కున్న రోజున వీడియోతో పాటు విశ్వాసమూ పోతుంది.

నన్ను మళ్ళీ వాక్యం దగ్గరికి తెచ్చింది యూదా రాజు హిజ్కియా చరిత్ర. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా మీదికి దండెత్తాడు. రాజులు రెండో గ్రంథం 18వ అధ్యాయంలో ఉందిది. సన్హెరీబు కూడా ఆ దండయాత్రను మట్టి పట్టకం మీద రాయించుకున్నాడు: ప్రాకారాలున్న 46 పట్టణాలు పట్టుకున్నానని, హిజ్కియాను పంజరంలో పక్షిలా యెరూషలేములో బంధించానని. యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం ఎక్కడా అనలేదు. హిజ్కియా కట్టిన కప్పం చూడండి. బంగారం హీబ్రూ మూలంలోనూ అష్షూరు లెక్కలోనూ 30 తలాంతులే. వెండి మాత్రం బైబిల్లో 300, అష్షూరు లెక్కలో 800. శత్రువులు ఇద్దరూ ఎవరి పద్దు వాళ్ళు రాసుకున్నట్టే ఉంది.

అదే దండయాత్రలో పడిపోయిన యూదా పట్టణం లాకీషును సన్హెరీబు నీనెవెలోని తన రాజభవనం గోడల మీద చెక్కించాడు. ఆ శిల్పాలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. బందీలుగా చెరలోకి పోతున్నవాళ్ళ వరుసలో ఒక ఎద్దుబండి ఉంటుంది. బండి నిండా మూటలు, వాటి మీద ఆడవాళ్ళు, పిల్లలు. అప్పటిదాకా నాకు బైబిలంటే అంతా రుజువవ్వాలి, లేదా అంతా కూలిపోవాలి. ఆ బండిని చూశాక ఒక్కో గ్రంథాన్ని విడిగా అడగడం నేర్చుకున్నాను: ఇది ఎప్పుడు రాశారు, ఎవరి కోసం రాశారు అని. యెహోషువ గ్రంథం ఈ రూపానికి వచ్చింది క్రీ.పూ. 7, 6 శతాబ్దాల్లోనని చాలామంది పండితుల అంచనా. అంటే ఇలాంటి బండ్లు కళ్ళారా చూసిన జనం మధ్య. సొంత గోడలు కూలుతున్న కాలంలో వాళ్ళు యెరికో గోడల కథ చెప్పుకున్నారు. ఇప్పుడు ఆ కథ చదివితే నాకు వాళ్ళ ప్రార్థన వినిపిస్తుంది. యెరూషలేము నిలవడం దేవుని కార్యమా కాదా అన్నది ఏ తవ్వకమూ చెప్పలేదు. అవునని నేను నమ్ముతాను, అది నా విశ్వాసం. దాన్ని పురావస్తు శాస్త్రం నెత్తిన పెట్టను.

ఇంకొకటి. 1979లో యెరూషలేము దగ్గర కెతెఫ్ హిన్నోము సమాధి గుహలో రెండు చిన్న వెండి రేకుల చుట్టలు దొరికాయి. చిన్నదాన్ని విప్పితే 4 సెంటీమీటర్లు కూడా లేదు. "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" అని ఆరాధన చివర మనం వినే సంఖ్యాకాండంలోని దీవెన మాటలు వాటి మీద గీసి ఉన్నాయి. దాదాపు 2600 ఏళ్ళ నాటివి. మోషే చరిత్రకు అవి రుజువు కావు. కానీ చనిపోయిన తమవాళ్ళ పక్కన ఆ మాటలు పెట్టి పంపినవాళ్ళతో నాకు చుట్టరికం కలిసినట్టయింది.

పిల్లల సంగతికొస్తే, చిన్నవాళ్ళకు యెరికో కథ బైబిల్లో ఉన్నట్టే చెప్పండి. "తవ్వకాల్లో రుజువైంది" అని మాత్రం కలపకండి. నేనూ అలాగే చెబుతున్నాను. పెద్ద పిల్లలు అడిగితే కెన్యన్ ఏం కనుక్కుందో దాచకుండా చెప్పి, లాకీషు శిల్పాల ఫోటోలు కూడా చూపిస్తాను. మీరు మాత్రం కొన్నాళ్ళు యెహోషువను పక్కన పెట్టి, రాజులు రెండో గ్రంథం 18, 19 అధ్యాయాలతో మొదలుపెట్టండి.